మా వదిన లప్పం పెట్టిన నడవా

ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు. వదినలో తప్పు పట్టడం మాకు పుట్టుకతో వచ్చిన హక్కు, ఆ హక్కును నేనెప్పుడూ వృథా పోనివ్వలేదు. మా వదిన కూర్చుంటే ఎందుకు కూర్చున్నావన్నాను, నిలబడితే ఎందుకు నిలబడ్డావన్నాను. ఆమె ఎదురుగా ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు. అలాంటి నేను ఇప్పుడు వాళ్ళింటికి ఎవరొచ్చినా చెయ్యి పట్టుకుని నడవాలోకి లాక్కెళ్ళి, "కూర్చుందురు గాని, ముందు ఈ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి" అంటున్నాను. ఎందుకంటున్నానో తెలియాలంటే గోడ సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

మా అన్నయ్య వడ్రంగి. మా వదిన బేకరీలో కేకులకు క్రీము అద్దే పని చేస్తుంది. నేను టెలిఫోను ఎక్స్ఛేంజిలో పని చేసి రిటైరై, వాళ్ళ మేడమీద వాటాలో ఉంటున్నాను. అన్నయ్య నన్ను రేడియో అంటాడు. నన్ను తయారు చేసినవాళ్ళు ఆపే మీట పెట్టడం మరిచిపోయారట.

అన్నయ్య పనిలో ఉన్న రోజుల్లో పలక చిత్రిక పట్టాక కళ్ళు మూసుకుని దాని మీద అరచెయ్యి పోనిచ్చేవాడు. కళ్ళు మొహమాటపడతాయి, అరచెయ్యి పడదు అనేవాడు. చెవి మీద ఎప్పుడూ ఒక పొట్టి పెన్సిలు ఉండేది. పని తనకు నిజంగా నచ్చితే, ఆ బల్లకో బీరువాకో అడుగున, ఎవరికీ కనపడని చోట, ఒక చిన్న గీత గీసి దాని మీద చుక్క పెట్టేవాడు. నచ్చకపోతే కొన్నవాడు ఎంత మెచ్చుకున్నా గుర్తు పడేది కాదు. శిష్యులు ఆ చుక్క కోసం ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చున్నారు గాని, ఇతరుల పనికి ఆయన దాన్ని పెట్టిన దాఖలా లేదు.

పెళ్ళైన కొత్తలో వదిన కూడా అడిగింది, నా కేకు ఎలా ఉందండీ అని. "సాయంత్రానికి తినేసే దానికి ఎలా ఉంటే ఏంటి?" అన్నాడు మహానుభావుడు. తప్పన్నట్టు కాదు, మెచ్చినట్టూ కాదు. వదిన మళ్ళీ అడగలేదు. తెల్లారితే బేకరీకి వెళ్ళేది, గులాబీలు పూయించేది, ఎవరెవరి పేర్లో రాసేది, ఆ రాసినవి ఎవరెవరో కోసుకుని తినేసేవారు. జన్మంతా చేసిన పనిలో మర్నాటికి మిగిలింది ఏదీ లేదు.

ఇక ఆ గోడ. వాళ్ళు ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో అన్నయ్యకు ఎవరింట్లోనో పని చేయగా మిగిలిపోయిన గోడకాగితం చుట్టలు దొరికాయి. మామూలు కాగితం కాదు. తీగలూ ఆకులూ ఉబ్బెత్తుగా పొంగి, చెయ్యి పెడితే రంపప్పళ్ళలా తగిలే రకం. గోడకాగితానికి వేరే బంక ఉంటుంది. కానీ వడ్రంగి ఇంట్లో వేరే బంక కొనడమా! చెక్కలు అతికించే జిగురు దట్టంగా పట్టించి నడవా పొడుగునా అంటించేశాడు. "గోడైనా ఊడాలి గాని ఈ కాగితం ఊడదు" అని మీసం దువ్వాడు కూడా. ఆ మాట అన్నప్పుడు పైన తథాస్తు దేవతలు ఎవరో నిద్రపోకుండా కూర్చుని ఉన్నారు.

తర్వాత చాలా ఏళ్ళకు అన్నయ్య చూపు మసకబారింది. కంటి డాక్టరు చెయ్యగలిగింది చేసి, పోయిన చూపు ఇక రాదని చెప్పేశాడు. వెలుతురు ఎటుందో తెలుస్తుంది, ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, అంతే. మొదట్లో బాగానే తట్టుకున్నాడు. గోడ పట్టుకుని తిరిగేవాడు. ఒకరోజు స్నానానికని తువ్వాలు భుజాన వేసుకుని, నడవా గోడ తడుముకుంటూ వెళ్ళి, స్నానాలగది తలుపనుకుని వీధి తలుపు తీశాడు. బనీను సగం విప్పి మెట్ల మీద నిలబడ్డాడు. కూరగాయల సంచులతో వస్తున్న పక్కింటి వాళ్ళు పాపం మర్యాదగానే, "ఎటు బయల్దేరారు?" అని పలకరించారు. ఆ మర్యాదే ఆయన్ను చంపేసింది.

ఆరోజు నుంచీ గదిలోంచి బయటికి రాలేదు. కంచం గదిలోకే, కబుర్లు గదిలోకే. స్నానాలగదికి వెళ్ళాలంటే వదిన వచ్చి చెయ్యి పట్టుకోవాలి, ఆమె బేకరీ నుంచి వచ్చేదాకా బిగబట్టుకుని కూర్చునేవాడు. నేను పట్టుకుంటానంటే కసిరేవాడు. చెవి మీద పెన్సిలు కూడా తీసి పెట్టెలో పడేశాడు. నడవకపోతే కాళ్ళు కూడా చచ్చుబడతాయని డాక్టరు గట్టిగా చెప్పాడు. కళ్ళు పోయినప్పుడు ఏడవని వదిన, కుర్చీలో ముడుచుకుని కూర్చున్న ఆ మనిషిని చూసి వంటింట్లో పైటకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఆ గోడ నాతో మాట్లాడదే," అన్నాడు ఒకసారి, నేను సతాయించగా సతాయించగా. "ఎక్కడ చెయ్యి పెట్టినా అవే ఆకులు, అవే తీగలు. తలుపు వచ్చిందో లేదో తెలీదు. అడవిలో తప్పిపోయినట్టుంటుంది."

"ఆ అడవి నాటింది తమరే కదా!" అన్నాను. నోరు ఊరుకోదు కదా మరి. వదిన మాత్రం నవ్వలేదు, కసరలేదు. నడవాలోకి వెళ్ళి కళ్ళు మూసుకుని గోడ తడుముతూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. వెనక్కి వచ్చి, "ఈ కాగితం పోవాలి" అంది.

తాపీ మేస్త్రిని పిలిపించాం. ఆయన ఒక మూల పట్టుకుని బలంగా లాగాడు. కాగితం రాలేదు. బ్లేడు దూర్చి గట్టిగా పెకిలించాడు. ఈసారి వచ్చింది, వెనకాల అరచేతి మందాన గోడ గిలాబాతో సహా. ఇసుక జలజలా రాలింది. గదిలోంచి అన్నయ్య ఆ చప్పుడు విని, "చెప్పానా? గోడైనా ఊడాలి గాని!" అని అరిచి పకపకా నవ్వాడు. ఎన్నాళ్ళకో విన్న నవ్వది. నవ్వాలో తిట్టాలో తెలియక నేనూ వదినా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఉడుంపట్టు పట్టిందమ్మా," అన్నాడు మేస్త్రి నుదురు తుడుచుకుని. "ఇది తియ్యాలంటే ఇటుక బయటపడేదాకా గోడంతా కొట్టెయ్యాలి. అయ్యగారిని ఇంకో ఇంటికి తీసుకెళ్ళండి, అప్పుడు చూద్దాం."

కొత్త ఇంట్లో అన్నయ్యకు మంచం ఎటుందో కూడా తెలీదు. అది కుదిరే పని కాదు. పైగా ఆయన లోపలి నుంచి, "నా గోడ మీద పరాయి చెయ్యి పడటానికి వీల్లేదు" అని హుకుం జారీ చేశాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. ఈ ఇంట్లో మొండివాడు అతికించిన మొండి కాగితం ఒకటి అదనం.

వదిన గది గుమ్మంలో నిలబడింది. "నా చెయ్యి పరాయిదా?"

"నీ ఇష్టం. కేకు కాదది, గుర్తుపెట్టుకో" అన్నాడు.

కాగితం తియ్యక్కర్లేదు, దాన్ని అలాగే ఉంచి పైన లప్పం పూసి ఆకులన్నీ కప్పేస్తే సరి అని వదిన లెక్క. గోడలకు రంగు వేసే ముందు గుంటలు పూడ్చడానికి పూసే తెల్లటి ముద్దే లప్పం. పొంగిన ఆకుల అంచులు ముందు బ్లేడుతో గీకి అణచింది. లప్పం పొడి బేసిన్లో పోసి నీళ్ళు కలిపి, వేలితో ఎత్తి చూసి, జారకుండా నిలబడేదాకా కలిపింది. క్రీము చూసినట్టే చూసింది. నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎందుకు? తప్పులు పట్టడానికి.

లప్పం పూసే రేకు పట్టీ మొదటిసారి గోడ మీద లాగినప్పుడే నా నోరు పడిపోయింది. భుజం కదిలింది గాని మణికట్టు కదల్లేదు. బేకరీలో కేకు తిరిగే పీట మీద ఉంటుంది, చెయ్యి ఒకచోట నిలిస్తే చాలు. గోడ తిరగదు కదా, అందుకని ఆమే చెయ్యి నిలిపి పక్కకు నడుస్తోంది. తెల్లగా, తీరుగా, ఆకుల మీద వెన్న రాసినట్టు పోతోంది. పని తెలిసిన మనిషి పని చేస్తుంటే చూడటం ఇంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. తెలిసినా వదిన దగ్గర చెప్పేదాన్ని కాదు, అది వేరే సంగతి.

కొంప ముంచింది కూడా ఆ తెలిసిన పనే. క్రీము నునుపుగా రావాలంటే కేకుల వాళ్ళు కత్తిని వేడినీళ్ళలో ముంచి లాగుతారు. వదిన పక్కన అలవాటు చొప్పున వేడినీళ్ళ గిన్నె పెట్టుకుంది. పట్టీ ముంచడం, లాగడం, మళ్ళీ ముంచడం. గోడ అద్దంలా మెరిసింది. ఇద్దరం మురిసిపోయి టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళాం. తిరిగి వచ్చేసరికి గోడకు అమ్మవారు పోసినట్టుంది. బ్లేడుతో గీకిన చోటల్లా ఆ వేడినీళ్ళు లోపలికి దిగి, జిగురు నాని, కాగితం పొక్కులు పొక్కులుగా లేచింది. పొక్కు మీద లప్పం పగిలి కింద పెచ్చులు పడ్డాయి.

ఆ పెచ్చుల చప్పుడు అన్నయ్య చెవిన పడనే పడింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అన్నాడు గదిలోంచి.

వదిన గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఒళ్ళు మండిపోయి గది దగ్గరకు వెళ్ళి, "అడుసు పోసిందెవరు మహాశయా? చెక్క జిగురుతో కాగితం అంటించే వడ్రంగి ముల్లోకాల్లో నువ్వొక్కడివే!" అని దులిపేశాను. వదిన తరఫున అన్నయ్యను తిట్టడం అదే మొదలు. ముగ్గురం ఆశ్చర్యపోయాం.

మర్నాడు మేస్త్రి వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "గోడకి వేడినీళ్ళెవరు పెడతారమ్మా!"

"క్రీమనుకున్నాను," అంది వదిన, సిగ్గుపడి నవ్వుతూ.

ఆయన మంచివాడు. కూర్చుని ఓపికగా చెప్పాడు. పొక్కులు కోసెయ్యాలి, అంచులు జిగురు పెట్టి అణచాలి, ఆ తర్వాత నీళ్ళది కాకుండా నూనె ప్రైమరు గోడంతా ఒక చుట్టు వెయ్యాలి. అది పూర్తిగా ఆరితే తడి కాగితం దాకా పోదు. అప్పుడు లప్పం, అదీ పల్చగా, ఆరాక మళ్ళీ ఒకసారి. "మొదటి పూత అందం కోసం కాదమ్మా. పట్టు కోసం."

వదిన మొహం విప్పారింది. "మాకూ అంతే. కేకుకి మొదట పల్చగా ఒక పూత వేసి ఆరనిస్తాం, పొడి రాలకుండా. దాని మీద అసలుది."

"మరి తెలిసిందే కదా! ఆ వేడినీళ్ళ గిన్నె ఒక్కటీ దాచెయ్యండి," అన్నాడు మేస్త్రి.

గిన్నె నేను మేడ మీదికి పట్టుకుపోయాను. వదిన బేకరీ నుంచి మధ్యాహ్నం వచ్చేది, అన్నం తిని కొంగు బిగించేది. పొక్కులన్నీ కోసింది. ప్రైమరు వేసింది, ఆ వాసనకు అన్నయ్య లెక్కలేనన్ని తుమ్ములు తుమ్మాడు. ఆరేదాకా ఆగింది. ఆగడమే అన్నిటికంటే కష్టమైన పని, నాకైతే చేతకాదు. మొదటి పూత వేసినప్పుడు ఆకుల ఆనవాళ్ళు ఇంకా నీడల్లా కనిపించాయి. చెయ్యి అలవాటుగా పక్కకు పోయి, గిన్నె లేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చేది. రెండో పూతకు ఆకులు లేవు, తీగలు లేవు. ఉప్పుకాగితంతో రుద్దే పని నాకు పడింది. తల నుంచి పాదాల దాకా తెల్లగా అయి బయటికొస్తే పాలవాడు జడుసుకున్నాడు. వదినేమో దీపం గోడకు పక్కగా పట్టుకుని నీడ పడ్డ చోటల్లా వేలు చూపించేది. ఆడపడుచుతో ఊడిగం చేయించుకున్న మొదటి వదిన ఈమే అయుంటుంది.

పనంతా అయ్యాక గది గుమ్మం దగ్గరకు వెళ్ళి, "ఏమండీ, ఒకసారి వచ్చి చూడండి" అంది.

"చూడ్డానికి నాకేముంది?"

"కళ్ళతో ఎవరు చూడమన్నారు? కళ్ళు మొహమాటపడతాయన్నది మీరే కదా."

కుర్చీ కిర్రుమంది. పనివాడిని పని తనిఖీకి పిలిస్తే కూర్చోలేడు, ఆ బలహీనత వదినకు తెలుసు. అన్నయ్య గుమ్మం పట్టుకుని బయటికొచ్చాడు. అరచెయ్యి గోడ మీద ఆనించాడు. వదిన రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడింది.

చెయ్యి మెల్లగా జరిగింది. పైకి, కిందికి, మళ్ళీ ముందుకు. చెయ్యి తిప్పి వెనకవైపుతో చూశాడు. నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగాడు. "ఇక్కడ పట్టీ ఎత్తావు."

నిజమే. స్నానాలగది తలుపు అడ్డొచ్చి వదిన అక్కడ చెయ్యి ఎత్తాల్సి వచ్చింది. సన్నటి గీతలా ఒక గట్టు మిగిలింది, మా ఇద్దరి కళ్ళకూ ఆనలేదు. వదిన మొహం వాడిపోయింది. నేను ఉప్పుకాగితం తీసుకుని పరిగెత్తుకొచ్చాను. "ఉండు, క్షణంలో పోగొడతా!"

అన్నయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. వడ్రంగి పట్టు ఇంకా పోలేదు. "ముట్టుకోకు, రేడియో."

ఆ గట్టు మీద వేలు పైనుంచి కిందికి రాశాడు. పక్కకు చెయ్యి చాపితే స్నానాలగది గడియ తగిలింది. వెనక్కి తిరిగి, మమ్మల్ని పట్టుకోకుండా, గోడ వెంటే గదిదాకా వెళ్ళాడు. మళ్ళీ బయల్దేరి వచ్చాడు. గట్టు తగలగానే ఆగి, చెయ్యి చాపి, గడియ తీశాడు.

"ఇప్పుడు మాట్లాడుతోంది," అన్నాడు. "అంతా నున్నగా ఉంటేనే కదా, గరుకు ఎక్కడుందో తెలిసేది!"

వదిన అక్కడ నిలబడలేదు. వంటింట్లోకి వెళ్ళి, కేకుల మీద పూలు వేసే సంచీ, దాని కొనకు తొడిగే రేకు మూతి తీసుకొచ్చింది. ఆ మూతి ఆమె చేతిలో ఎన్నో ఏళ్ళుగా ఉన్నది, బేకరీలో ఎవర్నీ ముట్టుకోనివ్వదు. లప్పం గట్టిగా కలిపి సంచీలో నింపింది. లప్పం గట్టిపడితే ఇక ఆ మూతి కేకుకు పనికిరాదని నేను అరుస్తూనే ఉన్నాను. వింటే కదా! అన్నయ్య చెయ్యి ఎత్తు చూసుకుని, వంటింటి గుమ్మం పక్కన ఒక పువ్వు వేసింది. రేకు మీద రేకు, బేకరీ అద్దాల బీరువాలో ఉండేలాంటి పువ్వే. వీధి తలుపు పక్కన జడ అల్లింది. స్నానాలగది దగ్గర ఆ గట్టును అలాగే వదిలేసింది.

"వీధి తలుపు దగ్గర జడ కాదు, ముళ్ళు పెట్టు," అన్నాడు అన్నయ్య. "బనీను లేకుండా మళ్ళీ దర్శనమివ్వకుండా."

బాగా ఆరేదాకా ఎవ్వరూ ముట్టుకోకూడదని వదిన ఆజ్ఞ. ఆరాక కూడా అన్నయ్యను పిలవద్దని నాకు ప్రత్యేకంగా చెప్పింది. "ఆయనంతట ఆయనే రావాలి" అంది.

ఆదివారం పొద్దున వంటింట్లో నేనూ వదినా కూర్చుని ఉన్నాం. పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాయి. గది తలుపు తెరుచుకున్న చప్పుడైంది. తర్వాత, గోడ మీద అరచెయ్యి రాసుకుంటూ వస్తున్న సన్నటి చప్పుడు. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చప్పుడు గట్టు దగ్గర ఆగింది, అక్కణ్ణుంచి ముందుకొచ్చింది. గుమ్మం పక్కన మళ్ళీ ఆగింది. రేకులు ఒక్కొక్కటే తడుముతున్నాడని అర్థమైంది. పాలు పొంగిపోతున్నా ఇద్దరం కదల్లేదు.

"పాలు పొంగుతున్నాయి," అంటూ లోపలికి వచ్చాడు మా అన్నయ్య, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా. చెవి మీద పెన్సిలు ఉంది.

వదిన ఆ పెన్సిలు చూసి పొయ్యి ఆపడం కూడా మరిచిపోయింది. నేనే ఆపాను.

"ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు.

వదిన ఆయన చెయ్యి పట్టుకుని నడవాలోకి తీసుకెళ్ళి, వంటింటి తలుపు వెనకాల, ఎవరికీ కనపడని చోట గోడ కింది భాగానికి ఆనించింది. అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గీత గీసి, తడుముకుని, చుక్క పెట్టాడు. చుక్క గీత మీద పడలేదు, పక్కకు పోయింది.

"వంకరగా వచ్చిందండీ," అంది వదిన, ఏడుస్తూనే నవ్వుతూ.

"గోడ తిన్నగా ఉందిగా. చాలు."

తర్వాత నడవాకు రంగు కూడా వదినే వేసింది. లేత పసుపు. ఆ తలుపు వెనక్కి వచ్చేసరికి బ్రష్షు ఆపి, ఆ గుర్తు చుట్టూ బెత్తెడు మేర లప్పం తెలుపు అలాగే వదిలేసింది. అన్నయ్య ఇప్పుడు ఇల్లంతా తిరుగుతాడు, నేను మెట్లు దిగకముందే వంటింట్లో నా కుర్చీలో కూర్చుని ఉంటాడు. వచ్చినవాళ్ళకు గోడ చూపించాక, ఆ తలుపు కూడా జరిపి చూపిస్తాను. ఒక్క చోట రంగు వెయ్యడం మరిచిపోయారే అంటారు కొందరు. మా వదిన పనిలో తప్పు పట్టాలంటే ముందు నన్ను దాటి రావాలి.